ప్రేమ్‌రాజ్ పెంచిన పొర

యాకుత్‌పురా

బిడ్డ యుస్రాకు,

మీ ల్యాబు నుంచి నువ్వు పంపిన మా ప్రేమ్‌రాజ్ సామాను అందింది. బట్టలు, చెప్పులు, ఒక బూడిద రంగు అద్దం ముక్క. ఫోన్ చేస్తే ఏడుపొచ్చి మాట పోతుంది, అందుకే రాస్తున్న. తప్పులుంటే సర్దుకొని చదువు.

ఆ ముక్కను వాడి ఫోటో ముందర పెట్టి రోజూ బొట్టు పెడుతున్న. పక్కింటి కళావతి చూసి, "ఏంది వదినా, బెంగళూరుల గిన్నేండ్లు ఉండి మీవోడు చేసింది గీ సెల్‌ఫోను అద్దమేనా?" అన్నది. కొడుకు ఏం పని చేసేవాడో తెలియని తల్లినైన. నాకర్థమయ్యేటట్టు రాయి.

నీ ఆంటీ,
రాజమణి

*

బెంగళూరు

ప్రియమైన ఆంటీకి,

అది అద్దం కాదు, సిలికాన్ పలక. గాలంతా తీసేసిన ఉక్కు గదిలో దాన్ని వేడిచేసి, సిలికాన్, జర్మేనియం పరమాణువులను ఆవిరిగా దాని మీదికి వదులుతాం. వరుస మీద వరుస పేరుకుంటాయి. జర్మేనియం పరమాణువులు కొంచెం పెద్దవి. అయినా కింది సిలికాన్ వరుసల కొలతకే ఒదిగి, ఇరుక్కుని కూర్చుంటాయి. పొర పలచగా ఉన్నంతవరకే ఆ ఓర్పు. మందమైతే లోపల తెగుతుంది. మేమంతా భయపడి ముందే ఆపేసేవాళ్లం. ప్రేమ్‌రాజ్ మాత్రం పొర తీరు చూపే తెర మీద గీతలు చూస్తూ, నేను ఆవిరి మూత మూయబోతే, "ఆగు యుస్రా, ఇంకా పడుతది" అనేవాడు. తెగకుండా అంత మందంగా పెంచింది మా దగ్గర అతనొక్కడే.

పొర తెగలేదని చూపించాలంటే ముక్కను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూడాలి. మేం ఉంచుకున్న సగం కోతలో పొడైపోయింది. ఇక మిగిలింది మీ దగ్గరున్నదే. అది లేకపోతే అతని పేరుతో ఆ పని బయటికి రాదు. అడగడానికి నోరు రావడం లేదు. తిరిగి పంపుతారా? మెరిసే వైపు మాత్రం వేలు తగలనీయకండి.

మీ యుస్రా

*

యాకుత్‌పురా

యుస్రా,

పంపను. కోస్తారని చదివినంక నాకు అన్నం పోలేదు. వాళ్ల బాపు, "లొల్లి పెట్టకు, ఇచ్చెయ్" అన్నడు. "నీకేంది, పొద్దున లేస్తే రైల్వే స్టేషన్ల డ్యూటీకి పోతవ్. దినమంత వాని ముందర కూసునేది నేను" అన్న.

వాడు చేతులతో చేసింది ఇంట్లో ఇదొక్కటే. మళ్లా అడగకు.

రాజమణి

*

బెంగళూరు

ప్రియమైన ఆంటీకి,

అడగను. ఉంచుకోండి. మా ల్యాబు సార్‌కు చెప్పాను, ఆ పని మీద అతని పేరుతో రాస్తున్న వ్యాసం పక్కన పెట్టేశాం. మళ్లీ పెంచాలని చూస్తున్నాను గానీ, గీతలు మసకబారగానే భయపడి మూత మూసేస్తున్నాను. "ఆగు" అనేవాళ్లు లేరు.

కిషన్‌బాగ్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మీతో కలిసి మీ ఇంటికి వస్తాను. దాని ఊసెత్తను.

మీ యుస్రా

*

యాకుత్‌పురా

ప్రియమైన నా బిడ్డ యుస్రాకు,

చాలా దినాలకు రాస్తున్న. నీకొక సంగతి చెప్పలేదు. లారీ గుద్ది వాడు పోయిన దినం దవాఖానలో వాణ్ని కోసిన్రు. ఎందుకో చెప్పలేదు, నన్ను అడగలేదు. తలుపు బయట కూసోబెట్టిన్రు. లోపలికి పోతనంటే, "ఏయ్ అమ్మా, పక్కకు జరుగు" అన్నడొకడు. తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చిన్రు. అప్పటి నుంచి కోత అన్న మాట వింటే ఆ తలుపే యాదికొస్తది.

నువ్వు అడిగినవు. వద్దంటే ఊరుకున్నవు. అందుకే ఇస్తున్న.

మెరిసే దిక్కు ఫికర్ పెట్టుకోకు. అందులో నా మొహం కనపడుతుంది, చూడబుద్ధి కాక ఫోటో దిక్కు తిప్పి నిలబెట్టిన. బొట్టంతా వెనుక దిక్కే.

డబ్బాలో వేసి పంపను. వాళ్ల బాపు రైలు పాసు మీద ఇద్దరం వస్తున్నం, నేనే తెస్త. కోసేటప్పుడు నీ పక్కన నిలబడతా. నేను ఏడ్చినా నీ చెయ్యి ఆపకు. మీ సార్‌కు ముందే చెప్పి పెట్టు, నన్ను బయట కూసోబెట్టొద్దని.

వాని తల్లి,
రాజమణి