నా పిలుపు నాకిచ్చెయ్

ఆదివారం, షాపు తెరవకముందు

చిరంజీవి అమ్మడిని మేనమామ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మ, మీ అత్త, నేను బాగున్నాం. అక్కడ నీ ఉద్యోగం, తిండీ నిద్రా సవ్యంగా సాగుతున్నాయని తలుస్తాను. ఫోన్ చేయక ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో నన్ను మాట్లాడనిస్తావా నువ్వు?

నీ మీద నాకో ఫిర్యాదు ఉంది. అంకుల్ అనే ఇంగ్లీషు మాట ఉంది చూశావూ, దాని పుట్టుక లాటిన్‌లో ఉందట. అక్కడ దానర్థం అమ్మకి అన్నో తమ్ముడో, అంటే అచ్చంగా మేనమామ! నాన్న వైపు వాళ్ళకి వేరే మాట ఉండేదట. తర్వాత్తర్వాత బాబాయినీ పెదనాన్ననీ కూడా అందులోనే కుక్కేశారు. ఇక మనవాళ్ళ సంగతి చెప్పాలా? పాలాయన అంకుల్, పక్కింటాయన అంకుల్. నా కటింగ్ షాపుకొచ్చే ప్రతివాడికీ నేను అంకుల్నే. మొన్నొకడు, నెత్తిన నాకంటే తక్కువ జుట్టున్నవాడు, అంకుల్ కాస్త తొందరగా కానివ్వండి అన్నాడు. కత్తెర చేతిలో ఉండి కూడా ఊరుకున్నాను.

ఇంతకీ ఆ మాటకి అసలు హక్కుదారుణ్ణి నేను. నువ్వేమో మీ అమ్మని రెండో పెళ్ళి చేసుకున్న బావకి దాన్ని ఇచ్చేశావు. ఆ లెక్కన బావ మీ అమ్మకి తోబుట్టువవుతాడు! ఈ మాట చెబితే మీ అమ్మ కడుపుబ్బ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది.

ఎందుకేడ్చిందో చెబుతాను. బావ నీకు చెప్పొద్దన్నాడు, అయినా చెబుతాను. ప్రెస్సులో ఆ అచ్చు మెషీన్ల పక్కన నిలబడి నిలబడి ఆయన ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడిది కూడా ఆఖరికొచ్చిందని, చెవి మిషను పెట్టినా లాభం లేదని డాక్టరు తేల్చేశాడు. ప్రస్తుతానికి దగ్గరికెళ్ళి గట్టిగా అంటే వినిపిస్తోంది. నీ సెలవుల దాకా వినిపిస్తుందో లేదో.

మీ నాన్న పోయేనాటికి నీకు ఆరేళ్ళు. నాన్నా అనే పిలుపు ఇంకొకరికిస్తే ఆయన్ని మరిచిపోయినట్టవుతుందని నీ భయం. నాకు తెలుసమ్మా. ఆయన కూడా నాకు బావే కదా. ఆయన పోయాక ఇంకో మనిషిని బావా అనడానికి నాకూ చాన్నాళ్ళు నోరు రాలేదు. చివరికి పిలిచాను. మీ నాన్న నా మనసులోంచి ఎక్కడికీ పోలేదు, నమ్ము.

బలవంతమేమీ లేదు. మనసొప్పకపోతే అంకుల్ అనే పిలువు, వాడుకోమని నా మాట నేనే ఇస్తాను. కానీ ఆలస్యం చేయక రా తల్లీ.

ఇట్లు,
నిన్ను కోప్పడే హక్కు వదులుకోని
మావయ్య

తా.క. ఈ లాటిన్ పాండిత్యం నాది కాదని ఈపాటికి కనిపెట్టే ఉంటావు. నువ్వు తనని మొదటిసారి అంకుల్ అన్న మర్నాడు, బావ ప్రెస్సులో డిక్షనరీ తిరగేసి, సాయంత్రం ఆయాసపడుతూ షాపుకొచ్చాడు. అది బయటివాళ్ళని పిలిచే మాట కాదట బావమరిదీ, సొంతవాళ్ళ మాటేనట, పిల్ల తెలియకుండానే నన్ను కలుపుకుంది అని ఒకటే సంబరం. నాన్నా అనమని ఆయన నిన్నే కాదు, ఎవర్నీ ఎప్పుడూ అడగలేదు. ఇన్నేళ్ళూ ఆ లాటిన్ అర్థంతోనే సరిపెట్టుకున్నాడు.