తల అడ్డంగా ఊపాను

నానమ్మా, నేను క్షేమమే. కళ్ళజోడు పెట్టుకుని నింపాదిగా చదువు. ఫోనులో నీకు వినపడదని ఈ పరాయి దేశం నుంచి కార్డు రాస్తున్నాను.

కట్టుడు పళ్ళు చేసే మా చదువులో ఆఖరి ఏడాది ల్యాబులో చోటు దొరక్కపోతే పట్టా రాదు. మొన్న మాస్టారు అందరి ముందూ "మా ల్యాబులో చేరతావా?" అని అడిగారు. సంతోషం పట్టలేక, మనింట్లో సరే అనడానికి ఊపినట్టే తల అటూ ఇటూ ఊపాను. ఆయన ఆ చోటు నా వెనకమ్మాయికి ఇచ్చేశారు. పరిగెత్తుకెళ్ళి అడిగితే, "నువ్వే కదమ్మా వద్దని తలూపావు!" అన్నారు. ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. ఈ తలకాయని ఏ గోడకేసి కొట్టుకోను?

నాన్నకి అప్పుడే చెప్పకు, ఉన్న నిద్ర కూడా పోతుంది. నీ కింది పళ్ళ సెట్టు ఇంకా గుచ్చుతోందా? నేనొచ్చి సరిచేస్తానన్నాను గానీ, ఇక అక్కడే ఎవరికైనా చూపించుకో. నువ్వు పంపుతానన్న దుప్పటి వద్దు. అత్తయ్యకి నా దణ్ణాలు.

రోజూ అద్దం ముందు నిలబడి తల పైకీ కిందకీ ఊపడం నేర్చుకుంటున్నాను. ఆదివారం వీడియో ఫోనులో నువ్వు చేత్తో "బాగున్నావా?" అని అడుగుతావు. నేను అలా ఊపితే మురిసిపోకు నానమ్మా. అది ఇక్కడివాళ్ళకి చెప్పే అవును, నీకు చెప్పేది కాదు.

నీ మనవరాలు