రూఫస్ పతకాలు

రూఫస్, చేపలు సింకులో పెట్టి ముందు కుర్చీలో కూర్చో. కూర్చున్నాకే ఇది చదువు.

పొద్దున సైన్యం ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నీ సర్వీసు రికార్డు సరిదిద్దారట! వియత్నాంలో గాయపడినందుకు రావాల్సిన పర్పుల్ హార్ట్, ఇంకో రెండు పతకాలూ ఎక్కించారు. "ఇన్నేళ్లు ఆలస్యమైంది, క్షమించండమ్మా" అంది ఫోన్ చేసిన పిల్ల. నేను ఏడుస్తుంటే పాపం తనూ ఏడ్చింది. ఆరోజు నిన్ను భుజాన మోసుకొచ్చిన క్లెమెంట్ సాక్ష్యమే పనిచేసిందట. అతనికి నువ్వే ఫోన్ చెయ్యి.

"రికార్డులో లేని గాయమేంటోయ్!" అని ఎవడో నవ్వాడని, మాజీ సైనికుల ఊరేగింపు వైపే వెళ్లడం మానేశావు. రికార్డు సరిదిద్దమని నేను దరఖాస్తు పెడితే నా మీద అలిగావు కూడా. నీ కాలి మీది మచ్చ పెళ్లినాటి నుంచీ చూస్తున్నదాన్ని, నాకు ఏ కాగితమూ అక్కర్లేదు. నీకు కావాలనే పెట్టాను.

ఈసారి ముందు వరసలో నడుస్తావు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేశాను. చేపల వాసన కొట్టే ఆ టోపీ పెట్టుకున్నావో, నీ పక్కన నేను నడవను.

చర్చిలో వంటకి వెళ్తున్నా. బీన్స్ పొయ్యి మీదున్నాయి, వేడి చేసుకో.

ఒడెస్సా

ఇంకో మాట. ఎవరికీ చెప్పలేదు, మా చెల్లికి తప్ప. అంటే ఈపాటికి ఊరంతా బయల్దేరి ఉంటుంది. వాకిట్లో కార్లు ఆగితే వెనక తలుపులోంచి పారిపోకు.