ఈసారి అంబలి తాగలేదు

అమ్మా ప్రమోదినీ,

కుండలో అంబలి అలాగే ఉంది, దూడకు పొయ్యకు. వచ్చాక నేనే తాగుతాను. పెరట్లో జీడిపిక్కలు ఆరబోశాను, మబ్బు పడితే ఎత్తెయ్యి. షుగరు పరిశోధన వాళ్లకు రక్తం ఇవ్వడానికి టెక్కలి వెళ్తున్నాను.

మొన్న నన్ను వెనక్కి పంపేశారు కదా. "తాతా, పరగడుపున రమ్మన్నాం కదా?" అంది అక్కడి అమ్మాయి. "ఏటీ తినలేదమ్మా, అంబలి తాగినానంతే" అన్నాను. అంబలి కూడా తిండేనట! ఈ ఉద్దానంలో ఎవడైనా ఒప్పుకుంటాడా?

రక్తంలోంచి కణాలు వేరుచేసి, వాటి మీద ఇన్సులిన్ వేసి, దాని మాట వింటున్నాయో లేదో చూస్తారట. ఈ ఇంట్లో నా మాటే ఎవరూ వినరు, ఇక నా రక్తం ఎవరి మాట వింటుంది?

కిడ్నీ జబ్బుల పేరు చెప్పి మన ఊళ్లో తీసిన రక్తమంతా ఒకచోట పోస్తే భావనపాడు పడవలన్నీ అందులో తేలతాయి. నీ మొగుడు ఢిల్లేసు దగ్గరా తీశారు. ఏం కనిపెట్టిందీ ఫోన్ చేసి చెబుతామన్నారు. వాడు పోయాడు గాని ఆ ఫోను రాలేదు. అందుకే "ఈసారి సెప్పకపోతే ఆ సూది నీకే గుచ్చుతాను" అన్నాను ఆ అమ్మాయితో. నవ్వింది. నేను నవ్వలేదు.

మీ మావ

మరిచాను. ఫోన్ నంబరు అడిగితే ఢిల్లేసుదే ఇచ్చాను. నువ్వు ఆ ఫోనుకి రోజూ చార్జింగు పెడుతూనే ఉన్నావుగా. ఈసారైనా మోగనీ.