ముప్పై అంగుళాల గట్టు

మార్చి 1998, శనివారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింటి గట్టు కట్టేసి ఉంది. కడప రాయి కూడా పరిచేశారు. టేపు పెట్టి చూస్తే ముప్పై నాలుగు అంగుళాలు. నేను చెప్పింది ముప్పై. గోడ మీద బొగ్గుతో గీత గీసి మరీ చెప్పాను.

మేస్త్రీ ఓబులేసు మీద అరిచాను. ఇంత గట్టిగా ఎవరి మీదా అరిచి ఎరగను. అతను తాపీ కడుక్కుంటూనే, "ముప్పైకి కడితే పిల్లోళ్ళ బొమ్మరిల్లు మాదిరి ఉంటాది సార్. ఇప్పుడీ ఇంట్లో వండేది మీరే కదా. రోజూ వంగితే నడుము ఏమైతాది? మీ మంచికే ఎత్తు చేసినా" అన్నాడు.

"నిన్నెవరు అడిగారు?" అన్నాను.

అడిగింది పద్మ. పాత గట్టు అందక పీట ఎక్కి వండుతూ, తగ్గించమని కాపురానికి వచ్చిన నాటి నుంచీ పదహారేళ్ళు అడిగింది. బోనస్ రానీ అన్నాను, ప్రతి ఏడూ. ఆమె చనిపోయిన ఏడాదికి గట్టు కింద పైపు పగిలింది. అప్పుడు కదిలాను.

"పగలగొట్టు" అన్నాను.

"రాయి నిలవదు సార్. మళ్ళా కొనల్ల."

కొనలేనని అతనికీ తెలుసు. పోతూ పోతూ పద్మ పీట అందుకుని, "ఈ పీట ఇంకెందుకు సార్, మా ఇంటికి తీసుకుపోనా?" అన్నాడు. చేతిలోంచి లాక్కున్నాను.

సిమెంటుకు నీళ్ళు పట్టమన్నాడు. ఇందాకే పట్టాను. వంగాల్సిన పని లేకపోయింది. సరిగ్గా నా ఎత్తుకే ఉంది.

పీట దాని ముందు వేశాను. కాళ్ళకు అడ్డమే. ఉండనీ...