తెలియనిది వెతకవచ్చు

జూన్ 19
లైబ్రరీకి కంప్యూటర్లొచ్చాయి. కవరు తీయడానికే ముహూర్తం లేదు. ముందు ఇంటర్నెట్ రూల్స్ రాయాలట. తెలుగు చెప్పే నాకే లైబ్రరీ తాళం కూడా కాబట్టి ఆ రాతా నా నెత్తినే. హెడ్మాస్టర్ రాజలింగం సార్ ఏదో సిటీ బడి కాగితం చేతిలో పెట్టారు, ఇట్లాంటిదే రాయమని. చదివాను. రాదు, కూడదు, నిషేధం... మొదటి నుంచి చివరిదాకా ఇదే పాట. ఇది చదివాక ఏ పిల్లయినా మౌస్ ముట్టుకుంటుందా? నేనిట్లా రాయను.

జూన్ 21
తొమ్మిదో తరగతి వాళ్లను కూర్చోబెట్టి రాయించాను. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు, ఫోటోలు పెట్టొద్దు, భయపెట్టేది కనిపిస్తే పెద్దవాళ్లను పిలవాలి — అన్నీ వాళ్లే చెప్పారు. చివర్లో అనిత లేచింది. "మేడం, అన్నీ వద్దన్నయే రాస్తున్నం. ఏం జేయొచ్చో గూడ రాద్దాం." అదే మొదటి రూల్ అయింది: తెలియనిది వెతకవచ్చు.
సార్ చదవకుండానే సంతకం పెట్టారు. మంచిదే.

జూన్ 28
ఒకటే రభస. మధ్యాహ్న భోజనం ప్లేట్లు కడిగే నీళ్ల డ్రమ్ము, నీలం రంగుది. కంప్యూటర్లిచ్చిన మందుల కంపెనీయే అదీ ఇచ్చింది. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో లేవు ఆ డ్రమ్ములు? కంపెనీలో ఖాళీ అయితే చాలు, తెచ్చి కడుక్కుని నీళ్లు పట్టుకోవడమే. దాని మీద సగం చెరిగిన పేరొకటి ఉంది. ఎవరం చదివిన పాపాన పోలేదు. అనిత ఆ పేరు కంప్యూటర్లో కొట్టింది. విషపు ద్రావకమని, అది పోసిన డ్రమ్ముల్లో నీళ్లు పట్టకూడదని వచ్చింది. పిల్ల ఎవరికీ చెప్పలేదు. పోయి డ్రమ్ము పడదోసింది.
గ్రౌండంతా బురద. వంట చేసే లక్ష్మమ్మ తిట్లు గేటు దాకా. నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆ ప్లేట్లలోనే పిల్లలు తింటున్నారని గుర్తొచ్చింది.

జూన్ 29
సార్ గదికి పిలుపు. "వాళ్లిచ్చిన కంప్యూటర్ల జూసి వాళ్ల డ్రమ్మునే తప్పు పడ్తరా మేడం? రేపు వాళ్లకు నా మొఖం ఎట్ల సూపెట్టాలె?" రూల్ మార్చాలట — పాఠ్యపుస్తకంలో ఉన్నదే వెతకాలి. అనితకు ఏడాదంతా కంప్యూటర్ బంద్.
డ్రమ్ము మీది పేరు వెతకడం చదువు కాదా అన్నాను. పరీక్షలో రాదు కదా అన్నారు. పరీక్షలో రాదు సార్, కడుపులోకి పోతుంది అన్నాను.
సాయంత్రానికి డ్రమ్ము మళ్లీ నిలబడింది, నిండా నీళ్లతో. ఈసారి నేనే పడదోశాను.

జులై 1
అనిత నాన్న మల్లేశం వచ్చాడు. ఆ కంపెనీలోనే కాంట్రాక్టు పని. "జెర ఆ పిల్లను కంప్యూటర్ కాడ కూసోవెట్టకుండ్రి మేడం. గా డ్రమ్ము పడదోసింది నీ బిడ్డేనా అని సూపర్‌వైజర్ అడిగిండు. నా పని పోతది."
మెట్లు దిగబోతూ ఆగాడు. "మా ఇంట్ల గూడ ఉన్నయి గా డ్రమ్ములు. తాగేటి నీళ్లు గూడ అండ్లనే. పిల్ల జెప్పింది... నిజమేనా?"
వాటిలో ముందు ఏముండేదో నాకేం తెలుసు? తెలిసేదాకా తాగొద్దన్నాను.

జులై 3
కొత్త రూల్స్ టైపయి వచ్చాయి. కింద నా సంతకం కావాలట. పెట్టలేదు.

జులై 4
సార్ నా మీద పై అధికారులకు రాస్తానన్నారు. రాసుకోనీ. బదిలీ చేసి హత్నూర అవతల పడేసినా చెప్పేది తెలుగే కదా... భయం లేదా అంటే ఉంది. అయినా పెట్టను.

జులై 5
బడి గంటకు ముందే మల్లేశం. చేతిలో ఇంటి డ్రమ్ము మూత, దాని మీద ఇంగ్లీషులో ఏదో పేరు. అనిత గుమ్మం దగ్గరే ఆగిపోయింది, బంద్ కదా. తండ్రే అన్నాడు, "కూసో బిడ్డా. జల్దీ సూడు, డ్యూటీకి వోయే బొల్లారం బస్సు పోతది."
నేను కవరు లాగేశాను. అనిత మూత మీద చూసుకుంటూ ఒక్కో అక్షరం కొడుతోంది. తలుపులో రాజలింగం సార్. ఎవరు కూర్చోమన్నారని అడిగారు. నేనే అన్నాను. సార్ లోపలికి వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, తెర మీద వచ్చిందంతా చదివారు. అనిత తండ్రికి తెలుగులో చెప్పింది. ఆ డ్రమ్మూ పనికిరాదు.
మల్లేశం మూత టేబుల్ మీద పెట్టాడు. నన్ను కాదు, సార్‌ను చూసి అడిగాడు. "అయితే సార్, ఇగ నీళ్లు దేంట్ల పట్టాలె?"
సార్ మూత చేతిలోకి తీసుకుని ఆ పేరు తనే చదివారు. కొత్త రూల్స్ మీద నేనింకా సంతకం పెట్టలేదు.