మాత్ర మింగని మనిషి

బళేపేట, నవంబరు 4

చిరంజీవి హేమంత్‌కుమార్‌కు ఆశీస్సులు.

డెబ్బై దాటినవాళ్ళ వేగనడక సంఘానికి, ఎలక్ట్రానిక్ సిటీలో కుర్చీ దిగని నిన్ను కార్యదర్శిగా పెట్టుకోవడం మా తప్పే. అయినా విను.

దేవనహళ్ళి కోట చుట్టూ జరిగే పోటీలో మూడేళ్ళుగా నేను రెండోవాణ్ణి. తాళాలకొట్టు ఆంజనేయులు మొదటివాడు. పోయినేడు పోటీకి ముందు అతను బస్సు చాటున తెల్ల మాత్ర మింగి, స్టీలు ఫ్లాస్కులోంచి ఏదో తాగడం కళ్ళారా చూశాను. ముప్పయ్యారేళ్ళు గ్రంథాలయం నడిపినవాణ్ణి. ఉత్ప్రేరకాల గురించి అచ్చయినదంతా చదివాను. నాకు డెబ్బై నాలుగు. ఇంతవరకు తలనొప్పికి కూడా మాత్ర మింగలేదు. ఆత్మగౌరవం ఉన్న ఒళ్ళు ఇది. అతనికి పరీక్ష చేయించు.

న్యాయం కోరే
చిక్కమునియప్ప

తా.క. ఫోన్ చేయొద్దు. చెప్పిన మాట రేపు చెప్పలేదంటారు. రాసి పంపు.


నవంబరు 8

పూజ్యులు చిక్కమునియప్పగారికి నమస్కారాలు.

విచారించాం. అది బీపీ మాత్రట. ఫ్లాస్కులో ఉన్నది జీలకర్ర నీళ్ళు. దయచేసి ఇంతటితో వదిలేయండి.

విధేయుడు
హేమంత్‌కుమార్

తా.క. మీరు చాలా బాగా నడుస్తారని ఆంజనేయులుగారు మెచ్చుకున్నారు.


నవంబరు 10

చిరంజీవి హేమంత్‌కుమార్‌కు,

గెలిచినవాడి మెచ్చుకోలు నాకు అక్కర్లేదు.

నువ్వే అచ్చువేయించిన నియమావళి తెరువు. ఎక్కడో చలిదేశపు పోటీ నుంచి మక్కికి మక్కి దించావు. పన్నెండో నియమం: మంచు కురిస్తే పోటీ వాయిదా. పదమూడు: ఎలుగుబంటి ఎదురైతే పరుగెత్తరాదు. పద్నాలుగు: నిషిద్ధ మందుల విషయంలో అంతర్జాతీయ జాబితాయే శిరోధార్యం. ఆ జాబితా నా దగ్గర ఉంది. ఒంట్లో నీరు తీసే బీపీ మాత్ర అందులో ఉంది. ఒక్క ఆంజనేయులుకే కాదు, అందరికీ పరీక్ష పెట్టు. లేకపోతే పత్రికకు రాస్తాను.

నిప్పులాంటి
చిక్కమునియప్ప

తా.క. ముందు నా మూత్రం సీసా తీసుకోండి.


నవంబరు 20

పూజ్యులకు,

మీ మాట ప్రకారమే జరిగింది. పోటీదారులు ఇరవై ముగ్గురు. ఇరవై రెండు మంది తప్పారు. బీపీ మాత్రలు, ఇన్సులిన్, మోకాలి సూదిమందు, ఉబ్బసం మందు. బహుమతి ఇవ్వాల్సిన ముఖ్య అతిథి సరదాకి సీసా ఇచ్చి ఆయనా తప్పారు. మీ ఒక్కరి రిపోర్టు రావాలి. అది ఎలాగూ శుభ్రంగానే ఉంటుంది కాబట్టి ఆదివారం పోటీలో మీరొక్కరే నడుస్తారు.

అలసిన
హేమంత్‌కుమార్

తా.క. మిగతావాళ్ళూ బస్సులో వస్తామంటున్నారు. టిఫిను ముందే చెప్పేశాం.


నవంబరు 24

చిరంజీవికి,

గెలిచాను. కప్పు అలమరలో, నిఘంటువుల పక్కన పెట్టాను. ఇరవై రెండు మంది నేరస్థులు అరుగు మీద కూర్చుని ఉప్పిట్టు తింటూ చప్పట్లు కొట్టారు. లెక్కచేయలేదు.

ఇంట్లో మాత్రం మునివెంకటమ్మకు సంతోషం లేదు. పరీక్ష రోజున నా సీసాలో తనది పోసి ఇస్తానని వెంటపడింది. నలభై తొమ్మిదేళ్ళు నాతో కాపురం చేసి నా ఒంటి మీద ఇంత నమ్మకమా అని కేకలేశాను.

విజేత
చిక్కమునియప్ప

తా.క. పోటీలో లేని ఆంజనేయులు చెప్పులతో, చేతిలో కాఫీ పట్టుకుని నా పక్కనే నడిచి, నాకన్నా ముందే గీత దాటాడు. ఇది కొత్త ఫిర్యాదుగా రాసుకో.


నవంబరు 27

పూజ్యులకు,

ఎలా రాయాలో తెలియడం లేదు. మీ రిపోర్టు వచ్చింది. నీరు తీసే బీపీ మాత్ర దొరికింది. ఆంజనేయులుగారి ఒంట్లో దొరికిందీ అదే.

హేమంత్‌కుమార్

తా.క. రెండుసార్లు పరీక్ష చేయించాం. కప్పు సంగతి మీరే ఆలోచించండి.


నవంబరు 30

చిరంజీవి హేమంత్‌కుమార్‌కు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నేరుగా తాళాలకొట్టుకు వెళ్ళాను.

“ఏమప్పా, నన్ను ఓడించేది చాలక నాకే మందు పెడతావా?” అన్నాను.

ఆంజనేయులు తాళంచెవి ఆకురాయితో అరగదీస్తూ తల కూడా ఎత్తలేదు. “పెట్టింది నేను కాదప్పా. తెచ్చిచ్చేది నేను. నెలనెలా నాతో పాటు నీకూ మూడు షీట్లు తెస్తా ఉండా. పెట్టేది మీ ఇంట్లో ఉండాది, పోయి అడుగు.”

అడిగాను. మునివెంకటమ్మ చేస్తున్న పని ఆపలేదు.

“మూడేళ్ళ కింద డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చింపి పారేస్తివి. ఆత్మగౌరవం అంటివి. అందుకే రోజూ రాగిగంజిలో నూరి పోస్తా ఉండా.”

“నన్ను అడక్కుండానా?”

“అడిగితే తాగుతావా నువ్వు? ఇప్పుడు బతికుండావు కదా, పోట్లాడు!”

మళ్ళీ కొట్టుకు వెళ్ళాను. “నువ్వెందుకు తెచ్చిచ్చినావు?” అని నిలదీశాను.

“నువ్వు పోతే నేను ఎవుర్ని ఓడించేదప్పా?” అన్నాడు.

ముప్పయ్యారేళ్ళ చదువులో ఇంత ఓపికైన పగ నాకెక్కడా కనబడలేదు. ఓడించడానికని ఒక మనిషిని మూడేళ్ళు బతికించాడు!

కప్పు తిరిగి పంపుతున్నాను. నిన్నటి నుంచి మాత్ర నేనే వేసుకుంటున్నాను, వీధి తలుపు తెరిచి, నలుగురూ చూస్తుండగా. దొంగచాటుగా తాగించుకోవడం కన్నా అదే మర్యాద. పద్నాలుగో నియమం కొట్టేసి, ఇరవై మూడు మందికీ మళ్ళీ పోటీ పెట్టు. ఎలుగుబంటి నియమం ఉండనీ.

మాత్ర మింగిన
చిక్కమునియప్ప

తా.క. ఫ్లాస్కు మీద ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు. జీలకర్ర నీళ్ళకు ఎవరూ అంత వేగంగా నడవరు.